పాత రోలర్ కోస్టర్ తీసేస్తే ఆ స్థానంలో ఏది రావాలి? రాయలసీమలోని కోస్టర్ అభిమానుల కోసం ఒక పోలిక

రోలర్ కోస్టర్లంటే ప్రాణం పెట్టేవారు రాయలసీమలో తక్కువేమీ లేరు. తిరునాళ్లలో జెయింట్ వీల్, కొలంబస్ ఎక్కి పెరిగిన పిల్లలు చదువులకో ఉద్యోగాలకో బయటి ఊళ్లకు వెళ్లి, అక్కడి పార్కుల్లో అసలైన కోస్టర్ ఎక్కి, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు దాని గురించే గంటల తరబడి మాట్లాడుకుంటారు. మన కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో చెప్పుకోదగ్గ కోస్టర్ లేదు కాబట్టి కర్నూలు వారు హైదరాబాద్‌కు, అనంతపురం వారు బెంగళూరు దాటి బిడదిలోని పార్కుకు, కడప వారు చెన్నైకి వెళ్లక తప్పదు. ఏ దారి పట్టినా ఒక వైపు ప్రయాణమే రెండు వందల కిలోమీటర్లకు పైమాట. తెల్లవారుజామున బయలుదేరితే పార్కు తెరిచే వేళకు చేరుకుంటాం, మూసే వేళకు బయటపడతాం. మధ్యలో మన చేతికి దక్కేది ఆరేడు గంటలు. అభిమానులు చెప్పుకునే ప్రతి కొత్త కోస్టర్ వార్తనూ నేను ఈ ఆరేడు గంటల లెక్కతోనే తూచి చూస్తాను. ఎత్తు ఎంత, వేగం ఎంత అన్న ప్రశ్నల కంటే గంటకు ఎంతమందిని ఎక్కిస్తుంది, ఏడాదిలో ఎన్ని రోజులు ఆగకుండా నడుస్తుంది అన్న ప్రశ్నలే దూరం నుంచి వెళ్లే మనకు ముఖ్యం అన్నది నా అభిప్రాయం.

ఊహాగానాలు రెండు రకాలుగా సాగుతాయి. ఖాళీ స్థలంలో కొత్తగా ఏది వస్తుందన్నది ఒకటి. పాతబడినదాన్ని తీసేస్తే అక్కడ ఏది పెడతారన్నది రెండోది. రెండో ప్రశ్నలో స్థలం ఎంతో, చుట్టూ ఏ రైడ్లు ఉన్నాయో, క్యూ ఎటునుంచి వస్తుందో ముందే తెలుసు కాబట్టి ఊహకు ఒక హద్దు ఉంటుంది, వాదనకు ఆధారం దొరుకుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువగా దాని గురించే చెబుతాను. ఉదాహరణగా హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలలో 2016లో ప్రారంభమైన వండర్‌లా అనే వినోద పార్కులోని రీకాయిల్ కోస్టర్‌ను తీసుకుంటున్నాను. దాన్ని మారుస్తారన్నది కేవలం అభిమానుల ఊహ. దాన్ని పార్కు మాటగా ఎవరూ తీసుకోవద్దు. మన కర్నూలు వారిలో చాలామందికి బాగా తెలిసిన కోస్టర్ అది కాబట్టి పోలికకు వీలుగా ఉంటుంది.

బూమరాంగ్ బలం, దాని చిక్కు

రీకాయిల్ అనేది నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా సంస్థ 1980ల నుంచి ప్రపంచమంతటా అమ్ముతూ వచ్చిన బూమరాంగ్ నమూనా. దాదాపు 35 మీటర్ల ఎత్తున రెండు టవర్లు, వాటి మధ్య పాము పడగలా మెలి తిరిగే కోబ్రా రోల్, ఆ తర్వాత ఒక నిలువు లూప్, మొత్తం కలిపి 285 మీటర్ల ట్రాక్. ట్రైన్ ఒకే దారిలో ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి వెళ్తుంది కాబట్టి తలకిందులయ్యే మూడు మలుపులు ఆరవుతాయి. క్యూలో నిలబడి చూడటానికి కూడా ఇది గొప్పగా ఉంటుంది. ట్రైన్‌ను వెనుక నుంచి టవర్ పైకి లాగుతుంటే కూర్చున్నవారి ముఖాలు నేల వైపు వంగి, వాళ్ల కళ్లలోని భయం కింద ఉన్న మనకు స్పష్టంగా కనిపిస్తుంది. పైకి చేరాక ఒక్క క్షణం అంతా నిశ్చలమవుతుంది, కొక్కెం విడిచిన చప్పుడు వినిపిస్తుంది, ఆ వెంటనే ట్రైన్ స్టేషన్ మధ్యలోంచి దూసుకుపోతుంటే ప్లాట్‌ఫాం మీద ఉన్నవారి చొక్కాలు, చున్నీలు ఒక్కసారిగా ఎగురుతాయి.

తక్కువ స్థలంలో, తక్కువ ఖర్చుతో ఇంత హంగు ఇచ్చే నమూనా మరొకటి దొరకడం కష్టం. చిక్కంతా ఒకే ట్రైన్‌తో నడవడంలో ఉంది. ఆ ట్రైన్ తిరిగి వచ్చి, దిగేవారు దిగి, ఎక్కేవారు ఎక్కి, కూర్చున్నవారిని పట్టి ఉంచే ప్రతి హార్నెస్‌నూ సిబ్బంది లాగి చూసేదాకా ట్రాక్ మొత్తం ఖాళీగా ఉండాల్సిందే. ఒక ట్రైన్‌లో 28 మంది పడతారు. ఒక్కో ట్రిప్పుకు మూడు నిమిషాలు పడుతుందనుకుంటే గంటకు 20 ట్రిప్పులు, అంటే 560 మంది. నాలుగు నిమిషాలు పడితే 420 మందే. అదే 28 మంది పట్టే ట్రైన్లు రెండు ఉండి, పూర్తిగా చుట్టి వచ్చే ట్రాక్ మీద 90 సెకన్లకు ఒకటి చొప్పున బయలుదేరితే గంటకు 1,120 మంది ఎక్కుతారు. మీ ముందు 500 మంది ఉన్నారనుకోండి, మొదటిదానిలో గంటకు దగ్గరగా నిలబడాలి, రెండోదానిలో అరగంట లోపే మీ వంతు వస్తుంది. దసరా, సంక్రాంతి సెలవుల్లో కర్నూలు నుంచి పిల్లలతో వెళ్లిన కుటుంబానికి ఆ మిగిలిన అరగంట చాలా విలువైనది. రోజులో రెండు మూడు పెద్ద రైడ్లకు ఇలాంటి తేడా వస్తే ఇంకో రైడ్ ఎక్కే సమయం చేతికొస్తుంది.

ఇంకొక లోపం పాత ట్రైన్ల పద్ధతిలో ఉంది. భుజాల మీదకు దిగే గట్టి హార్నెస్‌లకు, కోబ్రా రోల్‌లో పక్కకు విసిరినప్పుడు, చెవులు కొట్టుకుంటాయి. మెడనొప్పి ఉన్నవారు ఒకసారి ఎక్కితే మళ్లీ దాని జోలికి వెళ్లకపోవడానికి ఇదే కారణం.

వార్తను ఎలా తూచాలి

ఎంపికల్లోకి వెళ్లేముందు, చేతికొచ్చిన వార్తను నమ్మాలో లేదో తేల్చుకునే పద్ధతి చెప్పాలి. నా అనుభవంలో అభిమానులు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎందుకంటే మనం కోరుకునేది జరగబోయేదిలాగే కనిపిస్తుంది.

మన దేశంలో మనకు ఒక సౌలభ్యం ఉంది. వండర్‌లాను నడిపే కంపెనీ, మహారాష్ట్రలోని ఖోపోలి దగ్గర ఇమాజికాను నడిపే కంపెనీ రెండూ స్టాక్ మార్కెట్‌లో నమోదైనవే. పెద్ద పెట్టుబడుల సంగతి అవి వాటాదారులకు చెప్పాలి. కాబట్టి వార్షిక నివేదిక, మూడు నెలలకోసారి వచ్చే ఫలితాలతో పాటు జరిగే ముచ్చటలో యాజమాన్యం ఇచ్చే జవాబులు అన్నిటికంటే నమ్మదగినవి. ఆ తర్వాతి స్థానం కోస్టర్ తయారుచేసే సంస్థ ప్రకటనది. ఆ తర్వాత పునాదుల ఫొటోలు. పార్కు సిబ్బందిలో ఒకరు చెప్పారట అన్న మాటను నేను అన్నిటికంటే కింద పెడతాను. చెప్పినవారు అబద్ధమాడకపోవచ్చు, కానీ ఆలోచన దశలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఆలోచనగానే మిగిలిపోతాయి.

పునాదుల ఫొటో దొరికితే మాత్రం దాన్ని ఓపికగా చూడాలి. కాంక్రీటు దిమ్మెల్లోంచి గుండ్రంగా పైకి పొడుచుకువచ్చిన బోల్టుల వరసలు ఎంత దూరంలో, ఏ ఆకారంలో ఉన్నాయన్నది రాబోయేది ఏమిటో చాలావరకు చెప్పేస్తుంది. రెండు చోట్ల పెద్ద దిమ్మెలు గుంపుగా ఉండి మధ్యలో చిన్నవి ఉంటే ముందుకూ వెనక్కీ నడిచే కోస్టర్ అనుకోవచ్చు. ఒకే చోట భారీ దిమ్మెలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారుగా ఎక్కి నిటారుగా దిగేది. తిన్నని గీతలా, నేలకు దగ్గరగా, తక్కువ ఎడంతో పొడవునా సాగితే అది లాంచ్ ట్రాక్, అంటే ట్రైన్‌ను గొలుసుతో ఎత్తకుండా నేల మీదే ఒక్కసారిగా వేగంగా నెట్టే భాగం, అయ్యే అవకాశం ఎక్కువ.

ఇంకొక పరీక్ష ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంతోనే చేయవచ్చు. లాంచ్ లేకుండా కేవలం ఎత్తు నుంచి దిగే కోస్టర్‌కు వేగంలో ఒక హద్దు ఉంటుంది. గాలి, రాపిడి వల్ల నష్టమే లేదనుకున్నా 40 మీటర్లు దిగితే గంటకు దాదాపు 100 కిలోమీటర్లు, 60 మీటర్లు దిగితే 123 కిలోమీటర్లు వస్తాయి, అంతకు మించి రావు. ఎత్తు 40 మీటర్లు, వేగం 140 కిలోమీటర్లు, పాత పద్ధతి గొలుసు లిఫ్ట్ అని ఎవరైనా వివరాలు పంపితే ఆ మూడింటిలో ఒకటి తప్పని వెంటనే తెలిసిపోతుంది. నేలలో గొయ్యి తవ్వి అందులోకి ట్రాక్ దించితే దిగుడు ఎత్తును మించవచ్చు కాబట్టి ఆ ఒక్క మినహాయింపును గుర్తుంచుకోవాలి.

ఉన్నదానికే మెరుగులు దిద్దడం

అభిమానులకు చప్పగా అనిపించినా, పార్కులు తరచుగా చేసేది ఇదే. అమెరికాలోని ఫ్లోరిడాలో 1999 నాటి ఇంక్రెడిబుల్ హల్క్‌ను 2015 సెప్టెంబరులో ఆపి, అదే ఆకారంలో ట్రాక్ కొత్తగా వేసి, 2016 ఆగస్టులో తిరిగి తెరిచారు. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కు 1994 నాటి నెమెసిస్‌ను 2022 నవంబరులో మూసి, ట్రాక్ మార్చి, 2024 మార్చిలో నెమెసిస్ రీబార్న్ పేరుతో తెచ్చింది. ఆ రెండూ జనం మనసుకు దగ్గరైన కోస్టర్లు కాబట్టి అంత ఖర్చుకు అర్థం ఉంది. ఎన్నో దేశాల్లో ఒకేలా కనిపించే బూమరాంగ్‌కు ట్రాక్ మొత్తం మార్చడం అనవసరం. కొత్త తరం ట్రైన్, గట్టి హార్నెస్‌కు బదులు ఛాతీ మీద మెత్తగా కూర్చునే వెస్ట్, కొత్త రంగు చాలు. చెవుల బాధ తప్పుతుంది, పార్కుకు ఖర్చూ తక్కువే. కానీ ఒకే ట్రైన్ అన్న చిక్కు అలాగే ఉంటుంది. జరిగే అవకాశంలో దీనికి మొదటి స్థానం, మనకు కలిగే మేలులో మూడో స్థానం ఇస్తాను.

తక్కువ స్థలంలో నిటారుగా

బూమరాంగ్ తీసేసిన చోట ఏం పెట్టవచ్చో చూపిన మంచి ఉదాహరణ కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫార్మ్‌లో ఉంది. అక్కడ 1990 నుంచి ఉన్న బూమరాంగ్‌ను 2017లో తీసేసి, 2018లో జర్మనీకి చెందిన గెర్‌స్ట్‌లౌవర్ సంస్థ చేసిన హ్యాంగ్‌టైమ్‌ను తెరిచారు. దాదాపు 46 మీటర్ల ఎత్తు, పైన కాసేపు ఆపి పట్టుకుని 96 డిగ్రీల కోణంలో, అంటే నిటారు కంటే కాస్త లోపలికి వంగి కిందికి వదలడం, ఐదు తలకిందుల మలుపులు. పాతదాని కంటే ఎత్తూ భయమూ పెంచారు. రీకాయిల్ స్థానంలో ఇలాంటిదే వస్తుందని ఊహించేవారి వాదనలో బలం ఉంది.

మన లెక్కలో చూస్తే, ఇలాంటి కోస్టర్లలో ట్రైన్ చిన్నది. పదహారు మంది పట్టే ట్రైన్లు 75 సెకన్లకు ఒకటి చొప్పున వెళితే గంటకు 768 మంది ఎక్కుతారు. బూమరాంగ్ కంటే నయం, పెద్ద కోస్టర్ కంటే తక్కువ. ఎండ సంగతి కూడా ఉంది. నిలువు లిఫ్ట్ మీద వెల్లకిలా, ముఖం ఆకాశం వైపు పెట్టి మెల్లగా ఎక్కడం డిసెంబరులో హాయిగా ఉంటుంది; ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం, సరిగ్గా మన బడులకు సెలవులు ఉండే రోజుల్లో, కళ్లు తెరవడమే కష్టం. లిఫ్ట్ ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉండాలన్నది నిర్మాణంలోనే ఆలోచించుకోవాల్సిన విషయం.

కాళ్లు వేలాడే కోస్టర్

ట్రాక్ తలపైన ఉండి, మనం కింద వేలాడుతూ వెళ్లే ఇన్వర్టెడ్ కోస్టర్‌ను స్విట్జర్లాండ్ సంస్థ బొలిగర్ అండ్ మబియార్ 1992లో అమెరికాలోని షికాగో దగ్గరి సిక్స్ ఫ్లాగ్స్ పార్కులో బ్యాట్‌మన్ పేరుతో మొదటిసారి ప్రవేశపెట్టింది. ఒక్కో ట్రైన్‌లో 28 లేదా 32 మంది, రెండు ట్రైన్లు, మెత్తటి ప్రయాణం, ఏళ్ల తరబడి పెద్దగా మొరాయించని యంత్రాంగం. ఈ సంస్థ చేసిన కోస్టర్ మన దేశంలోకి 2013లో ఇమాజికాలో నైట్రో రూపంలో వచ్చింది. అది 40 మీటర్ల ఎత్తున, కాళ్ల కింద నేల లేకుండా ట్రాక్ పైన నడిచే రకం. ఇప్పుడు చెన్నై శివార్లలో తిరుప్పోరూరు దగ్గర 2025 డిసెంబరులో ప్రారంభమైన వండర్‌లాలో ఇదే సంస్థ చేసిన ఇన్వర్టెడ్ కోస్టర్ తండోరా ఉంది. రేణిగుంట మీదుగా చెన్నై వెళ్లే కడప వారికి ఇది పెద్ద వరం. చెప్పులు ప్లాట్‌ఫాం మీదే విడిచి, వట్టి కాళ్లతో వేలాడుతూ లూప్ తిరిగే అనుభవం కోసం ఇకపై దేశం దాటనక్కరలేదు.

తండోరా వచ్చాక అభిమానుల్లో కొందరు, హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ అదే పెట్టాలని కోరుతున్నారు. నేను వ్యతిరేకిస్తాను. ఒకే సంస్థ పార్కులు మూడు నగరాల్లో మూడు వేర్వేరు పెద్ద కోస్టర్లు పెడితే, సీమ నడిబొడ్డున ఉన్న మనలాంటివారికి మూడు దిక్కులా వెళ్లడానికి కారణం దొరుకుతుంది. అనంతపురం నుంచి బిడదికి వెళ్లినా, కర్నూలు నుంచి రావిర్యాలకు వెళ్లినా ఒకటే రైడ్ ఎదురైతే ఎవరికి లాభం? పైగా ఇన్వర్టెడ్ కోస్టర్‌కు బూమరాంగ్ వదిలే స్థలం చాలదు. పక్కనున్నవాటిని కూడా కదపాలి.

విదేశాల్లో వాడిన ఇన్వర్టెడ్ కోస్టర్‌ను తెచ్చి పెట్టవచ్చన్న ఊహ కూడా వినిపిస్తుంది. అది వినడానికి ఎంత వింతగా ఉన్నా, జరిగే పనే. జపాన్‌లోని థ్రిల్ వ్యాలీలో 1995లో మొదలైన ఒక బొలిగర్ అండ్ మబియార్ కోస్టర్‌ను తర్వాత న్యూ ఓర్లీన్స్‌కు తరలించారు. 2005లో కత్రినా తుపాను ఆ పార్కును ముంచాక దాన్ని విప్పి టెక్సాస్‌కు తీసుకెళ్లి 2008లో గోలియత్ పేరుతో మళ్లీ నిలబెట్టారు. తయారుచేసిన సంస్థ ఇంకా ఉండి విడిభాగాలు ఇస్తున్నంతవరకు పాతది కొనడంలో తప్పు లేదు. ఆ సంస్థే మూతపడి ఉంటే మాత్రం ఒక్క భాగం విరిగినా నెలల తరబడి రైడ్ ఆగిపోతుంది, రెండు వందల కిలోమీటర్లు వెళ్లిన మనకు మూసిన గేటు ఎదురవుతుంది.

లాంచ్ కోస్టర్

నేను కోరుకునేది ఇదే. గొలుసుతో ఎత్తుకు లాగకుండా, ట్రాక్ వెంట అమర్చిన విద్యుదయస్కాంతాలు ట్రైన్ అడుగున ఉన్న పలకలను ఒకదాని తర్వాత ఒకటి నెట్టుకుంటూ పోతాయి. ట్రైన్ కొన్ని సెకన్లలో వేగం అందుకుంటుంది. ఫ్లోరిడాలో 2021లో ప్రారంభమైన వెలాసికోస్టర్ ఈ పద్ధతిలో రెండుసార్లు లాంచ్ అవుతూ 47 మీటర్ల ఎత్తుకు, గంటకు 113 కిలోమీటర్ల వేగానికి చేరుతుంది. జర్మనీలోని ఫాంటాసియాలాండ్‌లో 2016లో వచ్చిన టారాన్ ఎత్తు పెద్దగా లేకుండానే రాళ్ల మధ్య, నేలకు ఆనుకుని మెలికలు తిరుగుతుంది. భారీ టవర్ అక్కరలేదు. విమానాశ్రయానికి దూరం కాని పార్కుల్లో ఎత్తైన కట్టడాలకు ప్రత్యేక అనుమతి కావాలి కాబట్టి శంషాబాద్‌కు దగ్గర్లో ఉన్న రావిర్యాలకు ఇది పెద్ద సౌకర్యం.

అభ్యంతరాలు లేకపోలేదు. లాంచ్ జరిగే కొన్ని సెకన్లలో కరెంటు వాడకం ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ ఒత్తిడి బయటి లైన్ల మీద పడకుండా కెపాసిటర్లలోనో, హల్క్‌లో తొలినాళ్లలో చేసినట్టు తిరిగే భారీ ఫ్లైవీల్స్‌లోనో శక్తిని ముందే నిల్వ చేసుకోవాలి. దానికి ఖర్చు అవుతుంది, తెలిసిన ఇంజనీర్లు కావాలి. లాంచ్ అనగానే కొందరు కింగ్డా కాను ఉదాహరణగా చూపి, ఇవన్నీ చెడిపోయేవేనంటారు. ఆ పోలిక సరికాదు. న్యూజెర్సీలో 2005లో 139 మీటర్ల ఎత్తున, గంటకు 206 కిలోమీటర్ల వేగంతో మొదలైన కింగ్డా కా, ద్రవపీడనంతో ఉక్కు తాళ్లను లాగి ట్రైన్‌ను విసిరే పాత పద్ధతిది. తరచూ ఆగిపోతుందన్న పేరు దానికి మొదటినుంచీ ఉంది. 2024లో మూసేసి 2025 ఫిబ్రవరిలో పేల్చి కూల్చారు. అదే కోవకు చెందిన టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్‌ను సీడర్ పాయింట్ పార్కు అయస్కాంత లాంచ్‌తో టాప్ థ్రిల్ 2గా మార్చి 2024 మేలో తెరిస్తే, కొద్ది రోజులకే ట్రైన్లలో లోపం వల్ల ఆపి, 2025లో గాని తిరిగి నడపలేకపోయింది. అక్కడ అసలు చిక్కు 128 మీటర్ల ఎత్తుకు ట్రైన్‌ను పంపాలన్న పట్టుదలలో ఉందని నా అభిప్రాయం. 30, 40 మీటర్లకు పరిమితమైతే అయస్కాంత లాంచ్ చాలా దేశాల్లో చక్కగా నడుస్తోంది. రెండు ట్రైన్లు పెట్టవచ్చు, గంటకు వెయ్యికి పైగా జనం ఎక్కవచ్చు.

ఎండ వేడికి ఉక్కు సాగుతుందన్నది ఇంకో ప్రశ్న. ఇది అన్ని కోస్టర్లకూ వర్తిస్తుంది. 100 మీటర్ల ఉక్కు ట్రాక్ 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 36 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. దాన్ని తట్టుకునేలా ఆధారాలనూ అతుకులనూ రూపొందిస్తారు. వేడికి గ్రీజు పలచబడి మధ్యాహ్నం ట్రైన్లు ఉదయం కంటే వేగంగా వెళ్లడం కూడా మామూలే. అందుకే ఎండాకాలంలో నేను మధ్యాహ్నం తర్వాతే పెద్ద కోస్టర్ ఎక్కమంటాను.

పక్కన పెట్టదగినవి

సౌదీ అరేబియాలోని ఫాల్కన్స్ ఫ్లైట్, అబుధాబిలోని ఫార్ములా రోసా లాంటి రికార్డు కోస్టర్ మన దగ్గరికి వస్తుందన్న మాటను నేను పట్టించుకోను. రోసా 2010 నుంచి గంటకు 240 కిలోమీటర్ల వేగంతో నడుస్తోంది, ఎక్కేవారు కళ్లజోళ్లు పెట్టుకోవాలి. అలాంటి కోస్టర్ ఖర్చును రాబట్టుకునే టికెట్ ధర మన కుటుంబాలు భరించేది కాదు. కొయ్య కోస్టర్లకు ఉక్కు పట్టాలు బిగించే హైబ్రిడ్ పద్ధతిలో, సీడర్ పాయింట్‌లో 1991 నాటి మీన్ స్ట్రీక్ 2018లో స్టీల్ వెంజన్స్‌గా మారిన తీరు నాకెంతో ఇష్టమే. కానీ మార్చడానికి పాత కొయ్య నిర్మాణం ఉండాలి, మన చుట్టుపక్కల పార్కుల్లో అది లేదు.

కుటుంబ కోస్టర్ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. తలకిందులయ్యే కోస్టర్లకు సాధారణంగా 130 నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. తమ్ముడు ఎక్కలేక, అవ్వ వాడి చెయ్యి పట్టుకుని కింద నిలబడి, మిగిలినవారి కోసం గంటసేపు ఎదురుచూసే దృశ్యం మన కుటుంబాల్లో కొత్తేమీ కాదు. పెద్ద కోస్టర్‌తో పాటు, లేదా దానికంటే ముందు, మూడో నాలుగో తరగతి పిల్లలు కూడా ఎక్కగలిగే మోస్తరు కోస్టర్ ఒకటి వస్తే నేను సంతోషిస్తాను. అభిమానుల ఊహల్లో దీని పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మన నేల మీద అయితే

సీమలోనే పార్కు వస్తే ఎక్కడ రావాలన్న చర్చ కూడా తరచూ నడుస్తుంది. కర్నూలు నంద్యాల దారిలో ఓర్వకల్లు రాళ్లను చూసినవారెవరికైనా, ఆ రాళ్ల మధ్యలోంచి ట్రాక్ దూరిపోతే ఎలా ఉంటుందన్న ఆలోచన రాక మానదు. నెమెసిస్ కథ ఇక్కడ పనికొస్తుంది. చెట్ల కంటే ఎత్తు కట్టకూడదన్న నిబంధన వల్ల ఆల్టన్ టవర్స్ వారు రాతిని పేల్చి గుంత తవ్వి, అందులో ట్రాక్ దించారు. తక్కువ ఎత్తులోనే ఎక్కువ దిగుడు సాధించారు. ఓర్వకల్లులో విమానాశ్రయం కూడా ఉంది కాబట్టి ఎత్తైన టవర్ కంటే నేలను వాడుకునే లాంచ్ కోస్టరే అక్కడ సాధ్యమయ్యే ఊహ. అయితే ఆ రాళ్లు కోట్ల ఏళ్ల సహజ సంపద, వాటిని పేల్చే ఆలోచన నాకు ఇష్టం లేదు. గనుల తవ్వకం ఆగిపోయి వట్టిగా పడి ఉన్న రాతి గుంత అయితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. బేతంచెర్ల, తాడిపత్రి వైపు అలాంటి గుంతలకు కొదవ లేదు. గండికోట పేరు ఎత్తేవారికి నా జవాబు ఒక్కటే: పెన్నా లోయ అంచున, ఆ కోట పక్కన ఏ ట్రాకూ పడకూడదు.

ఎవరికి ఏది, ఎప్పుడు

కర్నూలు నుంచి హైదరాబాద్ వెళ్లేవారు కోరుకోవాల్సింది 40 మీటర్ల లోపు, రెండు ట్రైన్ల లాంచ్ కోస్టర్. స్థలం చాలదంటే రెండో మాటగా నిటారు రకం. అనంతపురం వారికి బెంగళూరు దారిలో నగరం దాటడానికే గంటకు పైగా పోతుంది కాబట్టి మిగిలిన సమయం ఇంకా తక్కువ. అక్కడ కుటుంబ కోస్టర్ వచ్చినా, లాంచ్ కోస్టర్ వచ్చినా, ట్రైన్లు రెండు ఉన్నాయో లేదో ముందు అడగాలి. కడప వారు ఇప్పటికి ఎదురుచూడాల్సిన పని లేదు, చెన్నై వెళ్లి రావచ్చు. కాకపోతే సెలవు రోజుల్లో వెళ్తే క్యూ తప్పించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ధరను కూడా ఖర్చులో వేసుకోవాలి.

వచ్చే వేసవికల్లా పాతది పోయి కొత్తది నడుస్తుందని ఎవరైనా చెబితే కాలెండర్ చూసుకోండి. నాట్స్ బెర్రీ ఫార్మ్‌లో బూమరాంగ్ ఆగిన తర్వాత హ్యాంగ్‌టైమ్ రావడానికి ఏడాది పట్టింది. హల్క్‌కు పదకొండు నెలలు, నెమెసిస్‌కు పదహారు నెలలు. ఫ్లోరిడాలో 2015లో మూసిన గ్వాజీ అనే కొయ్య కోస్టర్, ఐరన్ గ్వాజీగా తిరిగి రావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. మన పార్కులో ఒక పెద్ద కోస్టర్ మూసేశారన్న ప్రకటన వచ్చిన రోజు నుంచి కనీసం ఏడాది లెక్క వేసుకుని, ఆలోపు ఆ ఒక్క రైడ్ కోసమే బస్సు మాట్లాడుకోకుండా ఉంటే మంచిది. బడి పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్లే ఉపాధ్యాయులు బయలుదేరే ముందు రోజు పార్కుకు ఫోన్ చేసి, ఏ రైడ్లు మరమ్మతులో ఉన్నాయో, దేనికి ఎంత ఎత్తు ఉండాలో అడిగి, ఆ వివరాలు పిల్లలకు ముందే చెప్పడం అవసరం.